ఫోన్ అందని చోట బండి అడ్డం పెట్టొద్దు

బండి – బాట: పాఠకుల ప్రశ్నలకు తిరుపతి నుంచి ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పార్కింగ్ గురించే ఉన్నాయి. ఎండాకాలం సెలవులు, పెళ్ళిళ్ళు, కొండకు వచ్చే జనం అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి కాబట్టి ఆశ్చర్యం లేదు. టైర్లు, మైలేజీ గురించి అడిగినవాళ్ళు వచ్చే సంచిక దాకా కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, మాది తిరుపతి ఎం.ఆర్.పల్లి. మేం నలుగురు స్నేహితులం విండ్‌సర్ఫింగ్ నేర్చుకుంటున్నాం. బోర్డు మీద నిలబడి, తెరచాప పట్టుకుని గాలితో పోయే ఆట ఇది. వీలైన ఆదివారాల్లో తెల్లవారుజామునే బయల్దేరి చెన్నై దాటి కోవళం వెళ్తాం. నీళ్ళలో ఏ గొడవా లేదు. గొడవంతా ఒడ్డు మీద, పార్కింగ్ దగ్గరే. నీళ్ళకు దగ్గరగా ఉండేది కొద్దిపాటి జాగా. కొందరు పొద్దున్నే వచ్చి, వెనకొచ్చే ఫ్రెండ్స్ కోసం కుర్చీలు వేసి, బ్యాగులు పరిచి చోటు ఆపుతారు. ఒకాయన రోజూ తన వ్యాను అడ్డంగా పెట్టి దాని నీడలో టిఫిన్ తింటాడు. మొన్న మేం ఒక కుర్చీ పక్కకు జరిపి కారు పెట్టాం. తిరిగి వచ్చి చూస్తే మా కారు వెనకాలే ఇంకో కారు అడ్డంగా ఉంది. దాని ఓనరు సముద్రంలో ఉన్నాడు. పొద్దుగూకేదాకా కదల్లేకపోయాం. తప్పెవరిది? ఇలాంటి చోట మర్యాద ఏమిటి?

జవాబు: నాయనా, ముందు తీర్పు చెప్పేస్తా, వివరం తర్వాత. చోటు బండికే గానీ కుర్చీకి కాదు. కాబట్టి మీరు కుర్చీ జరపడంలో తప్పులేదు. మీ వెనక అడ్డం పెట్టి నీళ్ళలోకి దిగిపోయినవాడిది మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే.

ఆర్టీసీ ముసలాయనకు ఈ ఆట సంగతి ఏం తెలుసు అనుకోకు. మా తమ్ముడి కొడుక్కీ ఇదే పిచ్చి. అంత దూరం వాణ్ణి ఒంటరిగా పంపడానికి మా మరదలు ఒప్పుకోదు కాబట్టి స్టీరింగు నా చేతికొస్తుంది. మిగతా పాఠకులకు ఒక మాట: ఇది కేరళ కోవళం కాదు. చెన్నై నుంచి మహాబలిపురం పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డులో, నగరానికి దక్షిణంగా నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న జాలరుల ఊరు. వాడు నీళ్ళలో ఉంటే నేను సరుగుడు చెట్ల నీడలో ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుంటా. అక్కడ నాకు వచ్చే పోయే బండ్లను చూడటం తప్ప వేరే పని ఉండదు. చూసినకొద్దీ నాకు అర్థమైంది ఏంటంటే, అక్కడ గొడవ పడేవాళ్ళంతా జాగా చాలక గొడవ పడటం లేదు. ఒక్కో బండి చేయాల్సిన పని అయిపోయాక కూడా అక్కడే ఉండిపోవడం వల్ల గొడవ.

ఈ ఆటకు సామాను ఎక్కువ. బోర్డు ఒక్కటే రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది. మాస్ట్ అనే నిలువు కర్ర రెండు ముక్కలు కలిపితే నాలుగు నుంచి నాలుగున్నర మీటర్లు. చేతులతో పట్టుకునే బూమ్ అనే అడ్డకర్ర, బోర్డు కింద ఉండే ఫిన్ అనే రెక్క, ఒంటికి కట్టుకునే హార్నెస్ అనే పట్టీ, నాలుగైదు రకాల సెయిళ్ళు, అంటే తెరచాపలు ఉంటాయి. గాలి ఎంత ఉందో చూసి, ఎక్కువ గాలికి చిన్న సెయిల్, తక్కువ గాలికి పెద్ద సెయిల్ బిగిస్తారు కాబట్టి అన్నీ మోసుకురావాల్సిందే. ఇదంతా అర కిలోమీటరు మోయమంటే ఎవరివల్లా కాదు. అందుకే నీళ్ళకు దగ్గరగా బండి రావాలి. ఒప్పుకుంటా. కానీ ఎందుకు రావాలి? సామాను దించడానికి. దించడానికి పది నిమిషాలు చాలు. దించాక ఆ బండికి నీళ్ళ దగ్గర ఏం పని? దాన్ని తీసుకెళ్ళి వెనక, రోడ్డు పక్కన ఉన్న ఖాళీ జాగాలో పెట్టి, చేతులు ఊపుకుంటూ నడిచి రావచ్చు. సాయంత్రం మళ్ళీ తెచ్చి ఎక్కించుకోవచ్చు. దించు, తీసెయ్. నలుగురూ ఈ ఒక్క పద్ధతి పాటిస్తే, పది కార్లు రోజంతా ఆక్రమించే చోట యాభై కార్లు వచ్చి పని చూసుకుని పోతాయి.

మా డిపోల్లో జరిగేది ఇదే. రాత్రి వచ్చిన బస్సును ఖాళీ కనిపించిన చోట పెట్టి డ్రైవరు ఇంటికి పోతానంటే కుదరదు. తెల్లారి ముందు పోవాల్సిన బస్సు ముందు వరసలో, మూతి గేటు వైపు తిప్పి ఉండాలి. కొత్తగా వచ్చిన డ్రైవర్లకు నేను మొదట నేర్పింది గేరు మార్చడం కాదు, రివర్సులో పెట్టి మూతి బయటికి ఉంచడం. మీరూ ఒడ్డు దగ్గర అలాగే పెట్టండి. అలసిపోయి, కళ్ళలో ఉప్పునీళ్ళు పడి, చీకట్లో పిల్లలు అటూ ఇటూ తిరుగుతుంటే రివర్సు తీయడం కంటే పొద్దున తాజాగా ఉన్నప్పుడు తీయడం మేలు కదా.

ఇంకో సంగతి గమనించావో లేదో. అక్కడికి వచ్చేది రెండు రకాల జనం. ఒట్టి సర్ఫింగ్ వాళ్ళకు గాలి లేకుండా అల మాత్రం ఉండాలి. వాళ్ళు తెల్లారకముందే దిగి, ఎండ ఎక్కేసరికి బయటికొస్తారు. మీ తెరచాప వాళ్ళకు గాలి కావాలి. ఎండాకాలంలో మన తూర్పు తీరాన సముద్రపు గాలి మధ్యాహ్నం దగ్గరపడ్డాకే లేస్తుంది. అంటే ఒకరి షిఫ్టు అయిపోయాక ఇంకొకరి షిఫ్టు. పొద్దుటి వాళ్ళు పని కాగానే బండి తీసేస్తే మధ్యాహ్నం వాళ్ళకు చోటు దానంతటదే వస్తుంది. అలా కాకుండా వాళ్ళు డిక్కీ తెరిచి ఇడ్లీ పొట్లాలు విప్పుకుంటారు, మీవాళ్ళేమో గాలి లేని పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం దాకా చోటు కాచుకుంటారు. రెండూ తప్పే. గాలి పన్నెండు తర్వాత అని తెలిసీ తెల్లవారుజామున తిరుపతిలో ఎందుకు బయల్దేరుతారో నాకైతే అర్థం కాదు. సెల్‌ఫోన్‌లో గంట గంటకూ గాలి ఎంతుంటుందో చెప్పే యాప్‌లు మా వాడి దగ్గరే నాలుగున్నాయి.

నలుగురు ఎన్ని బండ్లలో వెళ్తున్నారో నువ్వు రాయలేదు. రాయలేదంటేనే ఒకటి కంటే ఎక్కువ అని నా అనుమానం. పైన క్యారియర్ ఉన్న ఒక్క పెద్ద బండిలో నలుగురూ, నాలుగు బోర్డులూ పడతాయి. తాడు కాకుండా బకిల్ ఉన్న పట్టీతో కట్టండి. పట్టీ మధ్యలో ఒక మెలిక వేస్తే గాలికి బుర్రుమని మోగదు. పుత్తూరు దాటాక ఒకసారి, చెన్నై బైపాస్ ఎక్కే ముందు ఒకసారి ఆపి పట్టీలు లాగి చూడండి.

ఇక సెయిల్ బిగించేది ఎక్కడ? పార్కింగ్‌లో మాత్రం కాదు. బిగించిన సెయిల్‌ను కార్ల మధ్య పడేసి తాళం చెవులు వెతుక్కునే మహానుభావులను చూశాను. ఐదారు చదరపు మీటర్ల బట్ట అది. గాలి దాని కిందికి దూరిందంటే మాస్ట్‌తో సహా లేచి పక్క కారు అద్దం మీద పడుతుంది. మా వాడి గురువు నేర్పిన పద్ధతి చెప్తా: ఇసుక మీదికి తీసుకెళ్ళి, మాస్ట్ ఉన్న వైపు గాలికి ఎదురుగా పెట్టి పడుకోబెట్టాలి. అప్పుడు గాలి దాని మీదుగా జారిపోతుంది. కాసేపు వదిలి వెళ్ళాలంటే బోర్డుకు తగిలించి గానీ, మూల మీద ఇసుక పోసి గానీ వెళ్ళాలి. దాన్ని నీళ్ళకు మోసుకెళ్ళడానికి రెండున్నర బారల వెడల్పు దారి కావాలి. ఆ దారికి అడ్డంగా ఏ బండీ ఉండకూడదు, టిఫిన్ వ్యాను కూడా. ఆ దారి మీ సెయిళ్ళ కోసమే కాదు. రేపు ఎవరైనా నీళ్ళు మింగితే స్ట్రెచర్ వచ్చేదీ, 108 బండి వెనక్కి తిరిగేదీ ఆ దారిలోనే. ఆ వ్యాను ఆయనతో గొడవ వద్దు. ఈ స్ట్రెచర్ మాట ఒక్కటి చెప్పి చూడండి.

గాలి చోటు కాబట్టి డోర్ల సంగతి కూడా చెప్పాలి. మామూలు పార్కింగ్‌లో ఎవరూ ఆలోచించరు గానీ, అక్కడ గాలి వెనక నుంచి కొడుతుంటే డోరు తెరవగానే చేతిలోంచి లాక్కుని పోయి పక్క కారుకు తగులుతుంది, లేదా కీలు వంగుతుంది. మూతి గాలికి ఎదురుగా పెడితే గాలి డోరును మూయడానికే చూస్తుంది గానీ తెరవదు. మూతి బయటికి ఉండాలని ఇందాక అన్నాను, గాలికి ఎదురుగా అని ఇప్పుడంటున్నాను. రెండూ కుదరకపోతే? డోరు గట్టిగా పట్టుకుని ఒక్కొక్కరే దిగండి, మూతి మాత్రం బయటికే ఉంచండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మీ వెనక అడ్డం పెట్టినవాడు అద్దం మీద ఫోన్ నంబరు పెట్టే ఉంటాడు, పెట్టాడు కదా? బజార్లో అయితే అది మర్యాదే. షాపులో ఉన్నవాడు ఫోన్ మోగగానే పరుగెత్తుకొస్తాడు. నీళ్ళలో ఉన్నవాడి ఫోన్ ఎక్కడుంటుంది? ఆ కారులోనే, సీటు కింద. నువ్వు ఫోన్ చేస్తే అద్దాల లోపల అది మోగడం నీకే వినిపిస్తుంది. ఫోన్ అందని చోటికి పోయేవాడు ఎవరి బండికీ అడ్డం పెట్టకూడదు. ఐదు నిమిషాలకైనా సరే. ఎందుకంటే గాలి పడిపోతే వాడి ఐదు నిమిషాలు రెండు గంటలవుతాయి. గాలి లేని సెయిల్ పట్టుకుని చేతులతో తోసుకుంటూ రావాలి మరి.

మళ్ళీ అలా ఇరుక్కుంటే టైర్లలో గాలి తీయడం, వైపర్లు లేపి పెట్టడం లాంటి పనులు చేయొద్దు. ఒడ్డున నేర్పించే కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళు. వాళ్ళకు మనుషుల పేర్లు తెలియకపోయినా సెయిళ్ళు తెలుసు. "ఆ తెల్ల కారా? అదిగో, ఆ పసుపు గీతల సెయిల్ వాడిది" అని వేలు పెట్టి చూపిస్తారు. చెయ్యి పైకెత్తి ఊపి పిలుస్తారు, పడవ తిరుగుతుంటే పడవ వాడికి చెప్తారు. నేను ఒక బండిని అలాగే తీయించాను. వచ్చినవాడు "సారీ అంకుల్" అన్నాడు. నేను వాడి బండికి మూతి బయటికి తిప్పించి మరీ వదిలాను, అలవాటు పోదు కదా.

ప్రశ్న: అయ్యా, మాది చిత్తూరు కొంగారెడ్డిపల్లి. సెలవులకు కుటుంబంతో సముద్రానికి వెళ్ళి, జాలరుల పేట పక్కన ఇసుకలో ఖాళీగా ఉన్న చోట కారు పెట్టాం. సాయంత్రానికి రెండు టైర్లలో గాలి లేదు. అడిగితే, మేం వాళ్ళ దారికి అడ్డం పెట్టామన్నారు. అక్కడ బోర్డు లేదు, గీత లేదు. ఇది దౌర్జన్యం కాదా?

జవాబు: గాలి తీయడం తప్పే, అందులో సందేహం లేదు. పరాయి ఆస్తికి నష్టం చేయడం నేరం. కానీ మీ ఉత్తరంలో "ఖాళీగా ఉన్న చోట" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

జాలరుల ఊళ్ళో ఇసుక మీద ఖాళీ చోటు అనేది దాదాపు ఉండదు. మనకు ఖాళీగా కనిపించేది పడవ లాగే దారో, వల ఆరేసే నేలో, చేపలు కుప్పపోసి వేలంపాట పెట్టే చోటో అయ్యుంటుంది. పొద్దున పడవ నీళ్ళలో ఉన్నప్పుడు అది ఖాళీగానే ఉంటుంది. పడవ తిరిగొచ్చినప్పుడు పదిమంది తాడు పట్టి లాగుతుంటే ఎదురుగా మీ కారు. అల మీద పడవను ఆపి ఉంచలేరు. చేప ఎండలో ఆగదు. మీరు లేరు. మీ ఫోన్ నంబరూ లేదు. మన పొలం గట్టు మీద ఎవరో కారు పెట్టి, ఎడ్లబండి వచ్చేసరికి కనిపించకుండా పోతే మన ఊళ్ళో ఏం చేస్తామో ఆలోచించండి.

ఇసుక మీద చిన్న గుర్తులు చూడటం నేర్చుకోండి. రెండు సమాంతర గాడులు నీళ్ళ వైపు పోతుంటే అది పడవ దారి. దుంగలు, పాత టైర్లు వరసగా పడి ఉంటే పడవ వాటి మీద దొర్లుతుంది. నేల మీద పొలుసులు మెరుస్తుంటే, కాకులు తిరుగుతుంటే అక్కడ పాట జరుగుతుంది. ఇవేవీ కనిపించకపోయినా, దిగి ఒక మనిషిని అడగండి. మన చిత్తూరు వాళ్ళకు అరవం రాదన్న సాకు లేదు. "అణ్ణా, ఇంగ వండి విడలామా?" అని ఒక్కమాట అడిగితే వాళ్ళే మంచి చోటు చూపిస్తారు. కొబ్బరిబోండాల బండి ఆయన దగ్గర నాలుగు బోండాలు కొంటే మీ కారుకు కాపలా కూడా అక్కడే కుదురుతుంది.

అసలు ఇసుకలోకి కారు దించడమే వద్దంటాను. ఒకటి, కూరుకుపోతుంది. ఆ పడవ లాగినవాళ్ళనే మళ్ళీ కారు తొయ్యమని అడగాలి. రెండు, జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరాల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గొయ్యి తీసి గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో వంద చిల్లర గుడ్లుంటాయి. పైన చూస్తే మామూలు ఇసుకే. మన తిరుపతి జిల్లాకూ ఇప్పుడు సముద్రం ఉంది, వాకాడు దగ్గర తూపిలిపాళెం బీచ్‌కు వెళ్ళేవాళ్ళకూ ఈ మాట వర్తిస్తుంది. రాత్రి ఉండాల్సి వస్తే హెడ్‌లైట్లు నీళ్ళ వైపు వేసి ఉంచొద్దు. పుట్టిన పిల్లలు వెలుగు ఎటుంటే అటు నడుస్తాయి, సముద్రం వదిలి రోడ్డు మీదికొస్తాయి.

మీ టైర్ల సంగతి: గాలి తీయడమే అయితే పంక్చరు షాపులో పోయే ఖర్చు. కానీ గాలి లేకుండా కొంత దూరం నడిపారేమో రాయలేదు. నడిపితే టైరు పక్క గోడ లోపల నలిగిపోయి ఉంటుంది. బయటికి కనిపించదు. రిమ్ నుంచి తీయించి లోపల వేలు పెట్టి చూడమనండి. నల్లటి పొడి రాలితే ఆ టైరుతో హైవే ఎక్కొద్దు.

ప్రశ్న: మా అబ్బాయి కూడా ఈ సముద్రపు ఆటలకు పోతున్నాడు. నీళ్ళలోకి దిగేటప్పుడు కారు తాళం ముందు చక్రం మీద దాచి పోతాడట. నాకు టెన్షన్‌గా ఉంది. — ఒక తల్లి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మా, చక్రం మీద తాళం దాచడం మీ అబ్బాయికి ఒక్కడికే తెలిసిన రహస్యం కాదు, దొంగలు మొదట చెయ్యి పెట్టేది అక్కడే. ఇప్పటి తాళాల్లో బ్యాటరీ, చిప్ ఉంటాయి కాబట్టి ఉప్పునీళ్ళలోకి తీసుకెళ్తే పాడవుతాయి. చాలా కార్లకు బటన్ తాళంలో లోపల ఒక చిన్న ఇనుప తాళం దాగి ఉంటుంది, దాంతో డోరు మాత్రం తెరుచుకుంటుంది. అది మెడలో దారానికి కట్టుకుని, బటన్ తాళాన్ని నేర్పించే వాళ్ళ దగ్గరో, ఒడ్డున ఉండే మనిషి దగ్గరో ఇవ్వాలి. దాన్ని కారులోనే వదిలేస్తే కొన్ని బండ్లు లాక్ కావు, లాక్ అయినా అద్దం పగలగొట్టినవాడు బటన్ నొక్కి తోలుకుపోతాడు. అన్నిటికంటే మేలైన దారి, తాళం పట్టుకుని ఒడ్డున కూర్చునే ఒక పెద్ద మనిషిని వెంట పంపడం. మా తమ్ముడి ఇంట్లో ఆ ఉద్యోగం నాది. జీతం లేదు, దారిలో కాఫీ మాత్రం వాడే ఇప్పిస్తాడు.

ప్రశ్న: నేను కరకంబాడి రోడ్డులో ఉంటాను. శనివారం అలిపిరి దగ్గర కారు పెట్టి, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మను పాదాల మండపం దాకా తీసుకెళ్ళి దండం పెట్టించి వచ్చాను. అరగంట పని. వచ్చేసరికి నా కారుకు అడ్డంగా వేరే ఊరి కారు. అద్దం మీద నంబరుంది, చేస్తే స్విచ్చాఫ్. మూడు గంటలు అమ్మను ఎండలో కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ కారును హ్యాండ్‌బ్రేక్ వేయకుండా న్యూట్రల్‌లో వదిలి ఉంటే తోసుకునేవాళ్ళం కదా?

జవాబు: పైన సముద్రం సంగతి చదివారా? మీదీ అదే కథ. అక్కడ నీళ్ళు, ఇక్కడ మెట్లు. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. ఎక్కేవాడు మోకాళ్ళ పర్వతం దగ్గర రొప్పుతుంటే మీ ఫోన్ ఎత్తడు. పైకి వెళ్ళాక దర్శనం క్యూలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, కౌంటర్‌లో ఇచ్చేయాల్సిందే. అంటే కొండకు పోయే మనిషి ఫోన్ నంబరు అద్దం మీద పెట్టడం అంటే, ఎత్తనని తెలిసీ ఇచ్చిన నంబరు అది. బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు ఈ పత్రిక ద్వారా నా మనవి: నడిచి కొండెక్కేవాళ్ళు ఎవరికీ అడ్డం లేని చోట, కాస్త దూరమైనా సరే, బండి పెట్టండి. అంత దూరం నడవబోతున్నవాళ్ళకు ఇంకో రెండు వందల అడుగులు ఒక లెక్కా?

న్యూట్రల్‌లో వదిలే పద్ధతి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, చదును నేల మీద, వాచ్‌మన్ ఉన్న చోట నడుస్తుంది. అలిపిరి కొండ అడుగు, నేల ఊరి వైపు వాలుగా ఉంటుంది. బ్రేకు లేని బండి దానంతటదే బయల్దేరితే కింద ఉన్నది జనం. ఆటోమేటిక్ గేరు బండ్లయితే పి (పార్క్) లో పెట్టాక తోసినా కదలవు. చక్రం కింద రాయి పెట్టేవాళ్ళుంటారు. మంచిదే, కానీ పోయేటప్పుడు ఆ రాయిని రోడ్డు మధ్యలో వదిలేసిపోతారు. చీకట్లో బైకు మీద వచ్చేవాడు దాన్ని ఎక్కి పడతాడు.

మీరు చేయగలిగింది: అక్కడి ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు చెప్పడం, లేదా 112కు ఫోన్ చేయడం. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ కింద, పార్కింగ్ నిషేధం ఉన్న చోట పెట్టిన బండినీ, బహిరంగ స్థలంలో పది గంటలకు మించి వదిలేసిన బండినీ తీయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసుకు ఉంది. అక్కడ నో పార్కింగ్ అయితే పది గంటలు ఆగక్కర్లేదు. తొందరలో ఆ బండిని మీరే తోయించి, దాని బంపరు దెబ్బతిన్న నింద మీ మీదికి తెచ్చుకోకండి. ఫొటో మాత్రం తీసి పెట్టుకోండి. నంబరు ప్లేటు, మీ కారు, రెండూ ఒకే ఫొటోలో కనపడాలి.

అమ్మగారికి నీళ్ళు, గొడుగు కారులో కాకుండా చేతిలో ఉంచుకుని దిగడం ఇకనుంచి అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మా ఇల్లు తిరుపతిలో కళ్యాణ మండపం ఉన్న వీధిలో ఉంది. ముహూర్తాల రోజుల్లో మా గేటు ముందు కార్లు పెట్టేస్తారు. విసిగిపోయి గేటు ముందు, గోడ పొడవునా సిమెంటు పూలకుండీలు పెట్టించాను. ఇప్పుడు ఎదురింటాయన అది తప్పంటున్నాడు. మా ఇంటి ముందు జాగా మాది కాదా?

జవాబు: గేటు ముందు జాగాలో అడ్డం లేకుండా ఉండే హక్కు మీది. గోడ ముందు జాగా మీది కాదు. రెండిటికీ తేడా ఉంది.

2017 డ్రైవింగ్ నియమాల్లో స్పష్టంగా ఉంది: ఇంటికి లోపలికి, బయటికి వచ్చే దారి ముందు బండి పెట్టకూడదు. అలాగే ఫుట్‌పాత్ మీద, బస్‌స్టాప్, బడి, ఆసుపత్రి దారుల దగ్గర, ఆపి ఉన్న ఇంకో బండిని ఆనుకుని రెండో వరసలో కూడా పెట్టకూడదు. పెడితే జరిమానా పడుతుంది. కాబట్టి గేటు మీద బోర్డు పెట్టండి, దాని కింద "పగలూ రాత్రీ బండి బయటికి వస్తుంది" అని రాయించండి. ఒట్టి నో పార్కింగ్ కంటే ఇది పనిచేస్తుంది, ఎందుకంటే పెళ్ళికి వచ్చినవాడు కూడా తన బండికి గీత పడుతుందని భయపడతాడు. ముహూర్తానికి ముందు రోజే మండపం మేనేజరుతో మాట్లాడండి. వాచ్‌మన్ మీ గేటు దగ్గర ఒక గంట నిలబడితే చాలు. కార్లన్నీ వచ్చేది ముహూర్తం ముందు ఆ గంటలోనే. అక్షింతలు పడగానే భోజనాలకు కూర్చుంటారు, అప్పుడు మైకులో బండి నంబరు చదివిస్తే బిడియపడి అయినా లేచి వస్తారు. సముద్రంలోకి పోయినవాడి కంటే పంక్తిలో కూర్చున్నవాడు నయం, పిలిస్తే వినపడుతుంది.

గోడ పొడవునా రోడ్డు మీద మీరు పెట్టిన కుండీలు మాత్రం ఆ సముద్రపు ఒడ్డున కుర్చీ వేసినవాడి పనే. అది కార్పొరేషన్ రోడ్డు. మీ చుట్టాల కారుకు ఎంత హక్కుందో పెళ్ళివారి కారుకూ అంతే ఉంది. పైగా బహిరంగ దారికి అడ్డంకి కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 దాకా జరిమానా పడొచ్చు. కరెంటు పోయిన రాత్రి బైకు కుర్రాడెవడైనా ఆ సిమెంటు కుండీకి గుద్దుకుంటే ఆసుపత్రి ఖర్చుకు మీ ఇంటికే వస్తారు. ఎదురింటాయన చెప్పింది నిజమే. ఆయనతో కలిసే వాటిని లోపలికి జరిపించండి. సిమెంటు కుండీ ఒక్కరివల్ల లేవదు.